హౌస్‌సర్జన్‌కు నెలకు రూ.29,792.. నర్సింగ్ విద్యార్థికి రూ.5,000: కరీంనగర్, ఆదిలాబాద్‌లో స్టైపెండ్ లెక్కేంటి? పేదింటి పిల్లలకు అదెందుకంత ముఖ్యం?

సర్కారు దవాఖానలో తెల్లకోటు వేసుకుని, క్యాజువాలిటీలో రాత్రంతా పరుగులు తీసే కుర్ర డాక్టర్లను చూస్తుంటాం. చీటీ రాసేది వాళ్లే, రక్తం నమూనా తీసేది వాళ్లే, పెద్ద డాక్టర్ వచ్చేదాకా పేషెంట్ పక్కన నిలబడేదీ వాళ్లే. చాలామంది వాళ్లను ఉద్యోగులే అనుకుంటారు. కానీ వాళ్లు ఇంకా విద్యార్థులే. ఎంబీబీఎస్ చివర్లో ఏడాదిపాటు తప్పనిసరిగా చేయాల్సిన ఇంటర్న్‌షిప్‌లో ఉన్నవాళ్లు. మన దగ్గర హౌస్‌సర్జన్లు అంటాం. ఆ ఏడాది పాటు ప్రభుత్వం వాళ్లకు నెలనెలా ఇచ్చే డబ్బే స్టైపెండ్.

పట్నంలో, స్థితిమంతుల ఇంట్లో పుట్టిన విద్యార్థికి అది పాకెట్ మనీ కావచ్చు. ఉట్నూర్ ఏజెన్సీలోని గూడెం నుంచో, సిరిసిల్ల మగ్గాల వాడ నుంచో, గోదావరిఖని గని కార్మికుల క్వార్టర్ల నుంచో వచ్చిన పిల్లలకు మాత్రం అది ఇంటికి వచ్చే మొదటి జీతం లాంటిది. అందుకే స్టైపెండ్ ఎంత, ఎవరికొస్తుంది, ఎవరికి రాదు, ఆలస్యమైతే ఏమవుతుంది అన్న ప్రశ్నలు ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో వేలాది కుటుంబాలకు సంబంధించినవి. ఆ వివరాలన్నీ ఒక్కచోట చూద్దాం.

అసలు పెయిడ్ ఇంటర్న్‌షిప్ అంటే ఏంటి?

చదువులో భాగంగా, పని చేసే చోటే పని నేర్చుకోవడం ఇంటర్న్‌షిప్. నేర్చుకునే ఆ కాలానికి డబ్బు కూడా ఇస్తే అది పెయిడ్ ఇంటర్న్‌షిప్. వైద్య విద్యలో ఇది కొత్తేం కాదు. జాతీయ వైద్య కమిషన్, అంటే ఎన్‌ఎంసీ, 2021 నవంబర్‌లో దీనిపై ప్రత్యేకంగా నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం ఎంబీబీఎస్ చదివిన ప్రతి ఒక్కరూ 12 నెలల రొటేటింగ్ ఇంటర్న్‌షిప్ పూర్తి చేయాలి. అది పూర్తయ్యాకే డాక్టర్‌గా శాశ్వత రిజిస్ట్రేషన్ దక్కుతుంది.

రొటేటింగ్ అంటే ఒకే వార్డులో కూర్చోవడం కాదు. మెడిసిన్, సర్జరీ, ప్రసూతి, పిల్లల విభాగం, ఎమర్జెన్సీ.. ఇలా ఒక్కో విభాగంలో కొన్ని వారాల చొప్పున తిరుగుతారు. ఇందులో ఎక్కువ సమయం కేటాయించింది కమ్యూనిటీ మెడిసిన్‌కు. ఏకంగా 12 వారాలు. ఆ పోస్టింగ్‌లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, పల్లె జనం మధ్య పని చేయాల్సి ఉంటుంది. ఏడాది మొత్తానికి సెలవులు 15 రోజులే. అంతకు మించితే ఆ మేరకు ఇంటర్న్‌షిప్ పొడిగిస్తారు.

స్టైపెండ్ సంగతికొస్తే, ఇంటర్న్‌లకు స్టైపెండ్ ఇవ్వాలని నిబంధనలు చెబుతున్నాయి. ఎంత అన్నది మాత్రం దేశమంతా ఒకేలా లేదు. ఆయా రాష్ట్రాలు, సంస్థలకు సంబంధించిన అధికార యంత్రాంగం నిర్ణయిస్తుంది. అందుకే రాష్ట్రం దాటితే అంకె మారిపోతుంది.

తెలంగాణలో ఎవరికెంత?

ప్రభుత్వ వైద్య కాలేజీల హౌస్‌సర్జన్లకు కొన్నేళ్ల కింద నెలకు రూ.19,589 వచ్చేది. 2021లో 15 శాతం పెంచి రూ.22,527 చేశారు. 2023లో మళ్లీ 15 శాతం పెంచడంతో రూ.25,906 అయింది. 2025 జూన్ నెలాఖరులో ఇంకో 15 శాతం పెంపుతో రూ.29,792కు చేరింది. అంటే ఏడాది మొత్తానికి రూ.3,57,504.

నర్సింగ్ విద్యార్థులది వేరే లెక్క. వాళ్లకు చివరి ఏడాదే కాదు, ప్రభుత్వ నర్సింగ్ కాలేజీల్లో చదివినంత కాలం స్టైపెండ్ ఉంటుంది. ఎందుకంటే వాళ్లు మొదటి ఏడాది నుంచే వార్డుల్లో క్లినికల్ డ్యూటీలు చేస్తారు. 2021కి ముందు ఈ మొత్తం చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియని పరిస్థితి. మొదటి ఏడాది విద్యార్థికి నెలకు రూ.1,500, రెండో ఏడాది రూ.1,700, మూడో ఏడాది రూ.1,900. రోజుకు లెక్కేస్తే మొదటి ఏడాదిలో 50 రూపాయలు.

2021లో రాష్ట్ర ప్రభుత్వం దీన్ని గట్టిగానే పెంచింది. ఆ రేట్లు ఇవి:

- మొదటి ఏడాది: నెలకు రూ.5,000
- రెండో ఏడాది: నెలకు రూ.6,000
- మూడో ఏడాది: నెలకు రూ.7,000
- బీఎస్సీ నర్సింగ్ నాలుగో ఏడాది: నెలకు రూ.8,000
- ఎమ్మెస్సీ నర్సింగ్: మొదటి ఏడాది రూ.9,000, రెండో ఏడాది రూ.10,000

ఈ లెక్కన నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ పూర్తి చేసేసరికి ఒక్కో విద్యార్థికి మొత్తం రూ.3,12,000 అందాలి. మూడేళ్ల జీఎన్‌ఎం కోర్సుకైతే రూ.2,16,000.

ఆ డబ్బు విలువ ఎంత?

అంకె చూస్తే ఒక్కొక్కరికి ఒక్కోలా అనిపిస్తుంది. కాబట్టి ఊరి లెక్కలో చూద్దాం. తెలంగాణలో 2025-26 ఆర్థిక సంవత్సరానికి ఉపాధి హామీ కూలి రోజుకు రూ.307. ఒక కుటుంబం ఏడాదిలో 100 రోజులూ పని దొరకబట్టి, 100 రోజులూ చేసినా చేతికొచ్చేది రూ.30,700. హౌస్‌సర్జన్ ఒక్క నెల స్టైపెండ్ దాదాపు అంతే. అంటే నార్నూర్‌లోనో, తిర్యాణిలోనో ఉపాధి పనికి వెళ్లే అమ్మానాన్నలకు, వాళ్లు ఏడాదిలో సంపాదించే ఉపాధి కూలిని బిడ్డ నెల రోజుల్లో సంపాదించినట్టు.

ఆ డబ్బు ఎక్కడికి పోతుందో కూడా ఊహించడం కష్టం కాదు. హాస్టల్ మెస్ బిల్లు, చదువు కోసం చేసిన అప్పు మీద వడ్డీ, తమ్ముడి ఫీజు, పీజీ నీట్ కోచింగ్. ప్రభుత్వ మెడికల్ కాలేజీలో కన్వీనర్ కోటా ట్యూషన్ ఫీజు ఏడాదికి రూ.10,000 మాత్రమే. ఎస్సీ, ఎస్టీ కుటుంబాల ఏడాది ఆదాయం రూ.2 లక్షల లోపుంటే ఈ-పాస్ ద్వారా ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా వస్తుంది. కాబట్టి ఫీజు పెద్ద సమస్య కాకపోవచ్చు. అసలు భారం బతుకు ఖర్చు. నాలుగున్నరేళ్లు చదివి, ఇక చేతికి అందొస్తాడనుకున్న కొడుకు మరో ఏడాది పైసా లేకుండా పని చేయాల్సి వస్తే, ఆ ఇల్లు తట్టుకోలేదు. స్టైపెండ్ లేని ఇంటర్న్‌షిప్‌ను ఇంట్లో డబ్బున్నవాళ్లే భరించగలరు. పేదవాడు చేయాలంటే అప్పు చేయాలి.

ప్రపంచంలో మిగతా చోట్లా చర్చ ఇదే. జీతం లేని ఇంటర్న్‌షిప్‌లు ఉంటే ఉన్నోళ్ల పిల్లలే ముందుకు పోతారన్న ఆలోచనతో బ్రిటన్‌లో 2020లో నల్లజాతి విద్యార్థుల కోసం పెయిడ్ ఇంటర్న్‌షిప్‌ల ప్రయత్నం మొదలైంది. అక్కడి ఆరోగ్య డేటా పరిశోధన సంస్థ హెచ్‌డీఆర్ యూకే కూడా 2021 నుంచి అలాంటి పెయిడ్ ఇంటర్న్‌షిప్‌లు నడుపుతోంది. మన దగ్గర దారి వేరు. ఇక్కడ వెనుకబడిన వర్గాలకు ఇంటర్న్‌షిప్ దగ్గర కాకుండా సీటు దగ్గరే రిజర్వేషన్ ఉంటుంది. సీటు వచ్చిందంటే స్టైపెండ్ దానంతట అదే వెంట వస్తుంది.

సీటు దగ్గర లెక్క ఇలా

100 సీట్ల ప్రభుత్వ మెడికల్ కాలేజీని ఉదాహరణగా తీసుకుందాం. అందులో 15 సీట్లు ఆలిండియా కోటాకు పోతాయి. మిగిలిన 85 సీట్లలో బీసీలకు 29 శాతం, ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 10 శాతం. అంటే ఈ మూడు వర్గాలకు కలిపి దాదాపు 46 సీట్లు. ఆలిండియా కోటాలోనూ ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ రిజర్వేషన్లు ఉంటాయి కాబట్టి, మొత్తం మీద ప్రతి బ్యాచ్‌లో సగం మందికి పైగా ఈ వర్గాల విద్యార్థులే ఉంటారు. ఓపెన్ కేటగిరీలో మెరిట్‌తో వచ్చేవాళ్లు అదనం.

ఇందులో రెండు మార్పులు గుర్తుంచుకోవాలి. ఒకటి, ఎస్టీ రిజర్వేషన్. 2022 సెప్టెంబర్ దాకా 6 శాతమే ఉండేది. జీవో 33తో అది 10 శాతం అయింది. రాష్ట్ర ప్రభుత్వం చేసిన కులగణన సర్వేలో ఎస్టీల జనాభా 10.45 శాతంగా తేలింది. అంటే జనాభాకు దగ్గరగా రిజర్వేషన్ వచ్చింది ఇప్పుడే. రెండోది, ఎస్సీ వర్గీకరణ. 2025 ఏప్రిల్ 14 నుంచి ఎస్సీల 15 శాతాన్ని మూడు గ్రూపులుగా విడగొట్టి 1, 9, 5 శాతాలుగా పంచారు. ఇప్పటిదాకా రిజర్వేషన్ ఉన్నా సీటు దాకా రాలేకపోయిన అతి వెనుకబడిన ఎస్సీ కులాలకు ఇందులో విడిగా వాటా దొరికింది.

ఇక ఉత్తర తెలంగాణకే ప్రత్యేకమైన ఇంకో అంశం ఉంది. రామగుండం ప్రభుత్వ మెడికల్ కాలేజీలో 5 శాతం సీట్లను సింగరేణి ఉద్యోగుల పిల్లలకు కేటాయించారు. 150 సీట్లలో అవి ఏడు. బొగ్గు గనిలో దిగిన తండ్రుల పిల్లలకు, ఆ గనుల పక్కనే కట్టిన కాలేజీలో చోటు దొరికింది.

ఒకటి నుంచి ఎనిమిదికి.. 2027 ఎందుకు కీలకం?

పదేళ్ల కింద ఉమ్మడి ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాలు రెంటికీ కలిపి ఉన్న ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఒక్కటే. 2008లో మొదలైన ఆదిలాబాద్ రిమ్స్. కరీంనగర్‌లో 2000ల మొదట్లోనే మెడికల్ కాలేజీలు వచ్చినా అవి ప్రైవేటువి.

2022 నవంబర్ 15న రాష్ట్రంలో ఒకేరోజు ఎనిమిది ప్రభుత్వ మెడికల్ కాలేజీలు ప్రారంభమయ్యాయి. వాటిలో జగిత్యాల, రామగుండం, మంచిర్యాల ఉన్నాయి. 2023 సెప్టెంబర్ 15న మరో తొమ్మిది ప్రారంభం కాగా, వాటిలో కరీంనగర్, రాజన్న సిరిసిల్ల, నిర్మల్, కుమురం భీం ఆసిఫాబాద్ ఉన్నాయి. ఇప్పుడు లెక్క చూడండి. ఉమ్మడి ఆదిలాబాద్‌లో నాలుగు, ఉమ్మడి కరీంనగర్‌లో నాలుగు. మొత్తం ఎనిమిది. 2014 తర్వాత వచ్చిన కాలేజీల్లో కన్వీనర్ కోటా సీట్లన్నీ తెలంగాణ విద్యార్థులకే ఇవ్వాలని 2023లో జీవో కూడా వచ్చింది.

అయితే ఈ కాలేజీలన్నింటికీ ఇంకా హౌస్‌సర్జన్లు లేరన్న సంగతి చాలామందికి తెలియదు. ఎంబీబీఎస్ చదువు నాలుగున్నరేళ్లు. 2022 చివర్లో చేరిన మొదటి బ్యాచ్ హౌస్‌సర్జన్లుగా మారేది 2027లో. 2023 బ్యాచ్ అయితే 2028లో. అంటే మంచిర్యాల, జగిత్యాల, రామగుండం ఆసుపత్రుల్లో వచ్చే ఏళ్లలోనే సొంత కాలేజీ హౌస్‌సర్జన్లు కనిపిస్తారు. ఆ తర్వాత ఏడాది కరీంనగర్, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాద్ వంతు. ఆసుపత్రికి ఒక్కసారిగా వంద మంది యువ డాక్టర్లు అందుబాటులోకి రావడమంటే ఓపీలో క్యూ నుంచి రాత్రి ఎమర్జెన్సీ దాకా తేడా కనిపిస్తుంది. అదే సమయంలో ప్రభుత్వం కట్టాల్సిన స్టైపెండ్ బిల్లు కూడా ఒక్కసారిగా పెరుగుతుంది. వంద మందికి నెలకు దాదాపు రూ.30 లక్షలు. ఇప్పటి నుంచే బడ్జెట్‌లో దానికి ఏర్పాటు లేకపోతే, కొత్త కాలేజీల మొదటి బ్యాచ్‌లే ఇబ్బంది పడతాయి.

నర్సింగ్ వైపూ విస్తరణ జరుగుతోంది. సిరిసిల్లలో ప్రభుత్వ నర్సింగ్ కాలేజీ 2021 జూలైలో ప్రారంభమైంది. కొత్త మెడికల్ కాలేజీలున్న చోట్ల నర్సింగ్ కాలేజీలూ తేవాలన్నది ప్రభుత్వ ఆలోచన.

గోండి తెలిసిన డాక్టర్ ఉంటే ఏంటి తేడా?

2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో ఎస్టీలు దాదాపు 18 శాతం. గోండులు, కొలాములు, పర్ధాన్లు, నాయకపోడులు, తోటీలు ఇక్కడి ఆదివాసీలు. వీరిలో కొలాములను, తోటీలను అత్యంత వెనుకబడిన ఆదిమ తెగలుగా గుర్తించారు. ఉమ్మడి కరీంనగర్‌లో పరిస్థితి వేరు. అక్కడ ఎస్టీలు 3 శాతం లోపే. ఎస్సీలు మాత్రం 19 శాతం దాకా ఉన్నారు.

గూడెం నుంచి రిమ్స్‌కు వచ్చిన ఒక గోండు ముసలామెకు తెలుగు అంతంతే వస్తుంది. కడుపులో ఏ రకమైన నొప్పి, ఎప్పటి నుంచి, ముందు ఏ మందు వాడింది.. ఇవన్నీ ఆమె గోండిలోనే సరిగ్గా చెప్పగలదు. వైద్యంలో సగం రోగం చెప్పుకోవడంలోనే ఉంటుంది. ఆ మాట అర్థమయ్యే హౌస్‌సర్జనో, నర్సింగ్ విద్యార్థో వార్డులో ఒక్కరున్నా పని తేలికవుతుంది. సికిల్ సెల్ రక్తహీనత విషయంలో ఇది మరీ అవసరం. ఆదివాసీల్లో ఎక్కువగా కనిపించే ఈ వంశపారంపర్య వ్యాధిని 2047 నాటికి నిర్మూలించాలని కేంద్రం 2023 జూలై 1న జాతీయ మిషన్ మొదలుపెట్టింది. అందులో పరీక్ష చేయడం ఒక ఎత్తు. పెళ్లి చేసుకోబోయే ఇద్దరికీ ఈ లక్షణం ఉంటే పుట్టే పిల్లలకు ఏమవుతుందో నచ్చజెప్పడం ఇంకో ఎత్తు. ఆ మాట బయటివాళ్లు చెప్తే అనుమానం, మనవాళ్లు చెప్తే నమ్మకం.

ఈ ప్రాంతానికి ఈ ఆలోచన కొత్త కాదు. 1940లో జోడేఘాట్‌లో కుమురం భీం అమరుడయ్యాక, ఆదివాసుల స్థితిగతులు తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ సాయం తీసుకుంది. ఆయన ఇప్పటి జైనూర్ మండలంలోని మార్లవాయిలో మకాం పెట్టారు. 1943లో అక్కడ గోండు యువకులను ఉపాధ్యాయులుగా తీర్చిదిద్దే శిక్షణ కేంద్రం మొదలైంది. గోండి పిల్లలకు గోండులే చదువు చెప్పాలన్నది దాని ఉద్దేశం. ఎనభై ఏళ్ల తర్వాత బడి స్థానంలో ఆసుపత్రిని పెట్టి చూస్తే, విషయం అదే. ఆ ఊరి వాళ్లే ఆ ఊరికి సేవ చేయాలంటే, నేర్చుకునే కాలంలో వాళ్ల కడుపు నిండాలి.

మరి చిక్కు ఎక్కడ?

మొదటి చిక్కు ఆలస్యం. స్టైపెండ్ అంటే ప్రతి నెలా ఒకటో తారీఖున టంచనుగా పడే జీతం కాదు. హాజరు ప్రకారం బిల్లు తయారవ్వాలి, పై అధికారుల ఆమోదం పొందాలి, ట్రెజరీలో పాస్ కావాలి, నిధులు విడుదల కావాలి. ఎక్కడ ఆగినా విద్యార్థి ఖాతా ఖాళీ. 2024 జూన్‌లో తెలంగాణ జూనియర్ డాక్టర్లు సమ్మెకు దిగినప్పుడు వాళ్ల ప్రధాన డిమాండ్లలో ఒకటి ఇదే. స్టైపెండ్‌ను గ్రీన్ ఛానెల్‌లో పెట్టి, ఆటంకం లేకుండా ప్రతి నెలా ఇవ్వాలని అడిగారు. ఇంట్లో ఆసరా ఉన్నవాళ్లకు మూడు నెలల ఆలస్యం చిరాకు తెప్పిస్తుంది. లేనివాళ్లను వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కిస్తుంది.

రెండోది, ప్రైవేటు కాలేజీలు. అక్కడ కన్వీనర్ కోటాలో ఎస్సీ, ఎస్టీ, బీసీ విద్యార్థులు చాలామంది చదువుతారు. దేశవ్యాప్తంగా కొన్ని కాలేజీలు స్టైపెండ్ తక్కువ ఇస్తున్నాయని, కొన్ని అసలే ఇవ్వడం లేదని ఫిర్యాదులు ఉన్నాయి. 2023 సెప్టెంబర్‌లో ఢిల్లీలోని ఆర్మీ మెడికల్ కాలేజీ కేసులో, ఇంటర్న్‌లకు అక్టోబర్ 1 నుంచి నెలకు రూ.25,000 ఇవ్వాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. స్టైపెండ్ వివరాలు వెల్లడించని కాలేజీలకు 2025 జూలైలో ఎన్‌ఎంసీ షోకాజ్ నోటీసులు కూడా ఇచ్చింది.

మూడోది, విదేశాల్లో చదివి వచ్చినవాళ్లు. ఇక్కడ సీటు రాక, భూమి అమ్మో అప్పు చేసో జార్జియా, కిర్గిజ్‌స్థాన్, ఫిలిప్పీన్స్ లాంటి దేశాలకు పంపిన కుటుంబాలు కరీంనగర్ వైపు తక్కువేం కాదు. వాళ్లు తిరిగొచ్చి ఇక్కడ ఇంటర్న్‌షిప్ చేయాలి. వాళ్ల దగ్గర ఇంటర్న్‌షిప్ ఫీజు వసూలు చేయొద్దని, ఇక్కడ చదివినవాళ్లతో సమానంగా స్టైపెండ్ ఇవ్వాలని ఎన్‌ఎంసీ 2022 మార్చిలోనే సర్క్యులర్ ఇచ్చింది. చేరే ముందు ఆ సర్క్యులర్ సంగతి తెలిసి ఉండటం మంచిది.

నాలుగోది, ఎవరూ పెద్దగా మాట్లాడనిది. ల్యాబ్, ఎక్స్‌రే, డయాలసిస్, ఆపరేషన్ థియేటర్ టెక్నీషియన్ కోర్సులు, ఫార్మ్-డి లాంటివి చదివే పిల్లలు. ఫార్మ్-డిలో ఆరో ఏడాది మొత్తం ఇంటర్న్‌షిప్పే. డాక్టర్ సీటు అందని పేదింటి పిల్లలు ఎక్కువగా చేరేది ఇలాంటి కోర్సుల్లోనే. పని గంటల్లో పెద్ద తేడా ఉండదు. చేతికొచ్చే డబ్బులో మాత్రం హౌస్‌సర్జన్‌తో పోలికే లేదు. ఆసుపత్రి నడవాలంటే డాక్టర్ ఎంత అవసరమో, రక్త పరీక్ష చేసే చెయ్యి కూడా అంతే అవసరం కదా.

డిగ్రీ, డిప్లొమా, ఐటీఐ వాళ్లకు దారి ఉందా?

ఉంది. 1961 నాటి అప్రెంటిస్ చట్టం ప్రకారం 30 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థలు, ప్రభుత్వానివైనా ప్రైవేటువైనా, మొత్తం సిబ్బందిలో 2.5 శాతం నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలి. వాళ్లకు స్టైపెండ్ ఇవ్వడం తప్పనిసరి. 2019 నిబంధనల ప్రకారం కనీస మొత్తాలు చూస్తే, ఐటీఐ వాళ్లకు నెలకు రూ.7,000, డిప్లొమా వాళ్లకు రూ.8,000, డిగ్రీ వాళ్లకు రూ.9,000. వీటిని పెంచాలని 2025 మేలో కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి సిఫార్సు చేసింది. ఈ చట్టంలోనే ఎస్సీ, ఎస్టీలకు శిక్షణ స్థానాల్లో రిజర్వేషన్ ఉంది. తర్వాత ఓబీసీలకూ చేర్చారు. మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్ కూడా ఈ చట్టం కింద గుర్తించిన ట్రేడే. ఉత్తర తెలంగాణలో అప్రెంటిస్ అనగానే అందరికీ గుర్తొచ్చేది సింగరేణి ఐటీఐ అప్రెంటిస్‌లే. ఆసుపత్రుల్లోనూ ఇలా నేర్చుకోవచ్చన్న సంగతి అంతగా జనంలోకి పోలేదు.

2024 అక్టోబర్‌లో మొదలైన పీఎం ఇంటర్న్‌షిప్ పథకం ఇంకో దారి. వయసు 21 నుంచి 24 ఏళ్లు, కుటుంబ ఆదాయం ఏడాదికి రూ.8 లక్షల లోపు ఉండాలి. నెలకు రూ.5,000, ఒకేసారి ఇచ్చే రూ.6,000 అదనం. అయితే ఇది దేశంలోని టాప్ 500 కంపెనీల్లో చేసే ఇంటర్న్‌షిప్. సర్కారు దవాఖానకు సంబంధం లేదు. ఎంబీబీఎస్, బీడీఎస్ చదివినవాళ్లకు వర్తించదు. బీఎస్సీ, బీఫార్మసీ వాళ్లు దరఖాస్తు చేసుకోవచ్చు. పూర్తి సమయం చదువులో ఉన్నవాళ్లకు అవకాశం లేదు.

ఇంటర్న్‌షిప్ అయ్యాక ఉద్యోగం గ్యారంటీనా?

కాదు. ఇది స్పష్టంగా తెలుసుకోవాలి. ఇంటర్న్‌షిప్ గానీ అప్రెంటిస్‌షిప్ గానీ శాశ్వత ఉద్యోగ హామీ కాదు. ప్రభుత్వ వైద్య ఉద్యోగాలను మెడికల్ హెల్త్ సర్వీసెస్ రిక్రూట్‌మెంట్ బోర్డు భర్తీ చేస్తుంది. అందులో 100 మార్కులకు 80 మార్కులు అర్హత పరీక్షకో, రాత పరీక్షకో ఉంటే, 20 మార్కులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్‌గా చేసిన సర్వీసుకు వెయిటేజీగా ఇస్తున్నారు. గిరిజన ప్రాంతంలో ఆరు నెలలు చేస్తే 2.5 మార్కులు, ఇతర ప్రాంతాల్లో అయితే 2 మార్కులు. ఇది ఇంటర్న్‌షిప్ కాలానికి కాదు, అర్హత పొందాక చేసే సర్వీసుకు.

ఆదిలాబాద్ పిల్లలకు ఇందులో మేలుంది. ఇంటర్న్‌షిప్ అయ్యాక సొంత ఏజెన్సీలోనే కాంట్రాక్టు డాక్టర్‌గానో, స్టాఫ్ నర్స్‌గానో చేరితే రెండేళ్లలో 10 మార్కులు కలుస్తాయి. ఒక్క మార్కు తేడాతో వందల ర్యాంకులు మారిపోయే చోట అది చిన్న విషయం కాదు.

విద్యార్థులు, తల్లిదండ్రులు చూసుకోవాల్సినవి

- కాలేజీలో చేరే ముందే స్టైపెండ్ ఎంత, ఏ తేదీకి ఇస్తారు, గత బ్యాచ్‌కు ఎన్ని నెలలు ఆలస్యమైంది అన్నది సీనియర్లను అడగండి. అడగడంలో తప్పు లేదు.
- బ్యాంకు ఖాతా విద్యార్థి పేరు మీదే ఉండాలి. ఆధార్, పాన్, ఖాతాలో పేరు ఒకేలా ఉందో లేదో ముందే సరిచూసుకోవాలి. చిన్న అక్షరం తేడాతో బిల్లులు వెనక్కి రావడం మామూలే.
- హాజరు రికార్డు ఫొటో తీసి పెట్టుకోండి. స్టైపెండ్ బిల్లు దాని మీదే ఆధారపడి ఉంటుంది.
- కుల, ఆదాయ ధ్రువీకరణ పత్రాలు కౌన్సెలింగ్ రోజు కోసం చూడకుండా ముందే తీసుకోండి. ఎస్సీ విద్యార్థులు కొత్త వర్గీకరణలో తమ గ్రూప్ ఏదో చూసుకోవాలి.
- డబ్బు తీసుకోకుండానే తీసుకున్నట్టు సంతకం పెట్టమంటే పెట్టొద్దు. ఫిర్యాదు చేయాలంటే రాతపూర్వకంగా, పది మంది కలిసి, ప్రిన్సిపాల్‌కు ఇచ్చి రసీదు తీసుకోండి.

చివరగా

ఎనిమిది కాలేజీలు వచ్చాయి. సీట్లు పెరిగాయి. ఎస్టీ వాటా పెరిగింది. అంకెల్లో చూస్తే ఉత్తర తెలంగాణ వైద్య విద్యలో ఇంత మార్పు ముందెన్నడూ రాలేదు. ఇక మిగిలింది అసలు పరీక్ష. 2027లో మొదటి బ్యాచ్ హౌస్‌సర్జన్లు డ్యూటీ ఎక్కే రోజుకు వాళ్ల మొదటి నెల స్టైపెండ్ సిద్ధంగా ఉంటుందా? ల్యాబ్‌లో, ఎక్స్‌రే గదిలో నేర్చుకునే వాళ్ల తోటి పిల్లలకూ ఎంతో కొంత అందుతుందా? పెద్ద పథకాలేవీ కొత్తగా ప్రకటించాల్సిన పని లేదు. ఉన్న స్టైపెండ్‌కు ఒక తేదీ పెట్టి, ఆ తేదీ తప్పకుండా ఇస్తే చాలు. గూడెం నుంచి వచ్చిన అమ్మాయి వార్డులో పేషెంట్ గురించే ఆలోచిస్తుంది, మెస్ బిల్లు గురించి కాదు.